కోయని కత్తి

మా మేనమామ మద్రాసు శాపర్స్ దళంలో పనిచేసి, ఇటలీ యుద్ధరంగం చూసి, 1946లో ఇల్లు చేరాడు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక బాకు ఉండేది. వెండిలా మెరిసే ఒర, పసుపు తిరిగిన తెల్లటి పిడి. ఒకసారి మా అత్తయ్య దానితో పనసకాయ కోయబోయింది. కాయకు గాటు కూడా పడలేదు! "ఈమాత్రం దానికి సముద్రాలు దాటించి మోసుకొచ్చారా?" అని ఆమె చేసిన ఎకసెక్కం మా ఇంట్లో చాలా ఏళ్ళు నిలిచింది.

నిజానికి అది కోయడానికి చేసిన కత్తి కాదు. జర్మన్ సైన్యంలో ఆఫీసర్లు లాంఛనాల దుస్తులమీద నడుముకు వేలాడదీసుకోవడానికి 1935లో వచ్చిన నమూనా. అంచులకు పదును పెట్టరు. ఎవరి బాకు వారు సొంత డబ్బుతో కొనుక్కోవలసిందే. పిడి చివర ఓక్ ఆకులు, అడ్డకమ్మీమీద రెక్కలు చాచిన డేగ, దాని కాళ్ళలో స్వస్తిక. నౌకాదళం బాకు వేరు. దాని పిడి చివర మొదట మంటలు చిమ్మే గుండు ఉండేది. 1938 నుంచి అక్కడ డేగ వచ్చి కూర్చుంది. ఇవన్నీ ఎక్కువగా సోలింగెన్ పట్టణంలో తయారయ్యాయి. పట్టుచీరలకు కంచి ఎలాగో, కత్తులకు ఆ ఊరు అలాగ! ఇతరులు ఆ పేరు వాడుకోకుండా 1938లో చట్టమే చేశారు.

ఇవన్నీ తెలుసుకునేసరికి నాకు బాకుల పిచ్చి పట్టింది. ఇంగ్లండులో ఉద్యోగం చేసేరోజుల్లో, ఒక సంతలో సగం జీతం పోసి ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి భూతద్దం పెట్టి చూద్దును గదా, డేగ ఈకలు కరిగిన మైనంలా కలిసిపోయి ఉన్నాయి. వాడిన వస్తువు చెయ్యి తగిలేచోట అరుగుతుంది, సందుల్లో మురికి పడుతుంది. నా బాకు అన్నిచోట్లా ఒకేలా అరిగింది! నకిలీ అన్నమాట. యుద్ధం అయిపోయాక మిగిలిన విడిభాగాలు కూర్చి సైనికులకు అమ్మినవారున్నారు. ఆపైన మొత్తం కొత్తగా పోతపోసినవారూ ఉన్నారు.

సెలవులకు వచ్చినప్పుడు, "నీది అసలుసిసలైనది మామయ్యా! ఎంత ధర పలుకుతుందో తెలుసా?" అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపటికి అన్నాడు: "1945 మే నెలలో వాళ్ళు లొంగిపోయారు. ఆ ఆఫీసరు దీన్ని విప్పి బల్లమీద పెడుతుంటే చేతులు వణికాయిరా. మీసకట్టు సరిగా రాని పిల్లవాడు. నేను చూసింది ఆ చేతుల్ని. ధర సంగతి నాకు తెలియదు."

మామయ్య పోయాక ఆ బాకు నా దగ్గరికి వచ్చింది. ఈమధ్య మా మనుమరాలు దాన్ని చూసి, "తాతయ్యా, ఇది మన గడపమీద వేసే గుర్తే కదా! మరి పెట్టెలో ఎందుకు దాచావు?" అంది.

మన గడపమీద అది శుభం. అక్కడ అదే గుర్తు కింద అరవై లక్షల మంది యూదులను చంపారు. జర్మనీలో ఈనాటికీ దాన్ని బహిరంగంగా ప్రదర్శిస్తే నేరం; చదువుకు, పరిశోధనకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ మాటలు పిల్లకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

అందుకే దాన్ని గోడకు తగిలించలేదు. ఆ సాయంత్రం చెప్పిందంతా ఒక కాగితంమీద రాసి, వణికిన చేతుల సంగతి కూడా చేర్చి, ఒర పక్కన పెట్టాను. నా తర్వాత ఎవరు తీసుకున్నా రెండూ కలిపే తీసుకోవాలి.