నైట్ హాల్ట్‌లో బీఏ

లోకానికి ఆదివారం సెలవు. మా కండక్టర్లకు మాత్రం పెళ్లిళ్లు, తిరుగు ప్రయాణాలు, ఫుట్‌బోర్డు దాకా జనం. దూరవిద్య తరగతులేమో ఎక్కువగా ఆదివారాల్లోనే, ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జరుగుతాయి. ఆఫీసు గుమాస్తాకు అంతకంటే అనువైన రోజు లేదు. బస్సులో ఉండే నాకు, ఆస్పత్రిలో ఉండే నర్సుకు అది కుదరదు. తప్పు ఎవరిదీ కాదు, మా ఉద్యోగాలే అలాంటివి. అందుకే ఓపెన్‌లో బీఏ కట్టిన నాకు పుస్తకమే పంతులు.

ఆ పుస్తకాలు మామూలు పాఠ్యపుస్తకాల్లా ఉండవు. ఏం నేర్చుకోబోతున్నామో పాఠం మొదట్లోనే చెబుతారు. నాలుగైదు పేజీలకోసారి చిన్న ప్రశ్న వేసి, జవాబు రాసుకోవడానికి ఖాళీ వదులుతారు. సరైన జవాబు పాఠం చివర దొరుకుతుంది. ఎదురుగా మాస్టారు లేని విద్యార్థి కోసం చేసిన ఏర్పాటు అది. ముక్కలు ముక్కలుగా టైమ్ దొరికే నాలాంటి వాడికి కొలతపెట్టి కుట్టినట్టు సరిపోయింది.

మా హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం సార్వత్రిక విశ్వవిద్యాలయాల్లో దేశంలోనే మొదటిది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. మొదటి వైస్ చాన్సలర్ జి. రామరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయనే మొదటి వీసీ. ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి మా యూనివర్సిటీ తొలినాళ్లలోనే తెరిచారు. కాలేజీ గడప తొక్కని వాళ్లెందరో ఆ దారినే పట్టభద్రులయ్యారు. ఇక ఈ తెలుగు పుస్తకాలను గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు, యూనివర్సిటీలో చేరకపోయినా, వెతికి మరీ కొంటారు.

నా చదువంతా నైట్ హాల్ట్‌లోనే. ఆఖరి ట్రిప్పు ఊరు చేరాక డబ్బు లెక్క చూసుకుని, బ్యాగు తల కింద పెట్టుకుని, చార్జింగ్ లైటు వెలిగిస్తాను. బస్సు లైట్లు వేస్తే బ్యాటరీ దిగుతుందని డ్రైవరన్న ఊరుకోడు. "ఏం తమ్మీ, కలెక్టర్‌వు అయితవా?" అంటాడు. "కలెక్టర్ సంగతి తర్వాత అన్నా, ముందు ఫస్ట్ సెమ్ గట్టెక్కనీ" అంటాను.

చదవడం కంటే రాయడమే కష్టమైంది. టికెట్ మిషనే కొడుతుంది, నా చెయ్యి రాసేది అంకెలే. పరీక్షలో మూడు గంటలు వాక్యాలు రాయాలి. మొదట అరపేజీకే వేళ్లు పట్టేసేవి. మా అమ్మాయి పాత నోటుబుక్కుల్లో మిగిలిన పేజీలన్నీ అలా నిండిపోయాయి. ఉద్యోగం చేస్తూ డిగ్రీ కట్టేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: చదివింది రోజూ కొంచెం చేత్తో రాయండి.

ఇంకో మాట. బస్టాండ్ గోడల మీద "ఏడాదిలో డిగ్రీ" అని పోస్టర్లు కనిపిస్తాయి. అక్కడ ఫీజు కట్టొద్దు. ఏ యూనివర్సిటీకి ఏ కోర్సు దూరవిద్యలో నడిపే అనుమతి ఉందో యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్ లాంటివి ఇలా చదవడానికి అసలు వీల్లేదు. అనుమతి ఉన్న డిగ్రీ అయితే రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని 2022లో యూజీసీ మరోసారి స్పష్టం చేసింది. గ్రూప్-2కు అప్లై చేసేటప్పుడు చిన్నతనం పడాల్సిన పని లేదు.

పరీక్షల రోజుల్లో సెలవు కోసం తోటి కండక్టర్లతో డ్యూటీలు మార్చుకుంటాను. బదులుగా దసరా, సంక్రాంతి డ్యూటీలు నావి. మా ఆవిడ దీనికి ఒప్పుకుంది కానీ, పండగపూట వంట మాత్రం నా కోసం ఆపదు. మొన్న నాతో ఎక్కువగా డ్యూటీలు మార్చుకునే కండక్టరే వచ్చి, తనూ బీఏ కట్టానన్నాడు. సంతోషమే. ఇకమీదట ఇద్దరి పరీక్షలూ ఒకే రోజుల్లో పడతాయి కాబట్టి, నేను మరొకరిని వెతుక్కోవాలి.