శిథిల దుర్గాల ఛాయాచిత్రణ

శిథిల దుర్గాల ఛాయాచిత్రణ అనగా సైనిక అవసరాలకు నిర్మింపబడి, కాలక్రమాన విడిచిపెట్టబడిన కోటలు, బురుజులు, మందుగుండు కొట్లు మొదలైన కట్టడాలను ఉన్నవి ఉన్నట్లుగా ఫోటోలలో నమోదు చేయడం. విహారయాత్రలో తీసే ఫోటోకు అందం ప్రధానం. నమోదు కొరకు తీసే ఫోటోకు ఎక్కడ, ఎప్పుడు, ఏ దిక్కు నుండి తీశారన్న వివరాలు ప్రధానం. కర్నూలు జిల్లాలో కోసిగికి దక్షిణాన, గుంతకల్లు - రాయచూరు రైలు మార్గంలోనే ఉన్న ఆదోని కోట ఇందుకు తగిన ఉదాహరణ.

ఆదోని కోట

ఈ కోట ఐదు కొండలపై విస్తరించి ఉన్నది. వీటిలో ఎత్తైనవి బారాకిల్లా, తాలిబండ. ఇవి మైదానం నుండి సుమారు 800 అడుగుల ఎత్తు ఉంటాయి. విజయనగర రాజుల తరువాత బిజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాం వంశీయులు దీనిని ఏలారు. 1786లో టిప్పు సుల్తాను కోటను ముట్టడించి పట్టుకొని, రక్షణ గోడలను కూలగొట్టించాడు. 1800లో దత్త మండలాలతో పాటు ఆదోని ఈస్టిండియా కంపెనీ వశమైనది. ఆ తరువాత కోటకు సైనిక ప్రాధాన్యం లేకుండా పోయినది.

చరిత్ర

దక్షిణ భారతంలో ఈ పని ఛాయాచిత్రకళ తొలినాళ్లలోనే మొదలైనది. సైనికాధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో, ఆదోనికి నైరుతి దిశలో ఉన్న హంపీ శిథిలాలను కాగితపు నెగెటివ్‌లపై చిత్రించాడు. మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడు లీనియస్ ట్రైప్ 1857-58 ప్రాంతంలో సేలం జిల్లా రాయకోట దుర్గాన్ని ఫోటోలు తీశాడు. 1983లో జాన్ గోలింగ్స్ హంపీలో గ్రీన్‌లా నిలిచిన చోట్లనే నిలిచి మళ్లీ ఫోటోలు తీశాడు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే, నడుమ గడచిన 127 సంవత్సరాలలో ఏది కూలినదో, దేనిని బాగుచేశారో తెలుస్తుంది.

పద్ధతి

ఆదోని వంటి చోట్ల గోడ రాయి, కొండ రాయి ఒకే రంగులో ఉంటాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో గోడ ఏదో, గుండు ఏదో ఫోటోలో తేలదు. ఉదయం, సాయంత్రం వేళల్లో ఏటవాలు వెలుగు పడినపుడు రాళ్ల అతుకుల్లో నీడ చేరి కట్టడం స్పష్టమవుతుంది. సాధారణంగా పాటించే క్రమం ఇది:

* ముందుగా దూరం నుండి కొండతో కలిపి మొత్తం కోట. తరువాత ఒక్కొక్క కట్టడం. చివర బీటలు, చెక్కడాలు, శాసనాలు.
* చిన్న వస్తువులను తీసేటప్పుడు పక్కన కొలబద్ద ఉంచడం.
* తేదీ, సమయం, నిలిచిన చోటు, దిక్కు వెంటనే రాసుకోవడం.
* తరువాత వచ్చేవారు గుర్తించగలిగేలా, కదలని బండనో, ద్వారాన్నో ఆధారంగా తీసుకోవడం.

జాగ్రత్తలు

శాసనం స్పష్టంగా కనబడాలని అక్షరాలపై సుద్ద పూయడం, నాచు గీకడం రాతికి హాని. పక్క నుండి టార్చి వెలుగు వేస్తే చాలు. వదులుగా ఉన్న గోడలెక్కరాదు. వేసవిలో బండలు విపరీతంగా కాగుతాయి కనుక తగినంత నీరు వెంట ఉండాలి. రక్షిత కట్టడాల వద్ద డ్రోను వాడాలంటే ముందుగా అనుమతి పొందాలి.

ప్రాముఖ్యత

రాయలసీమలో పాడుబడిన కోటలకు వానకన్నా గుప్తనిధుల వేట, రాళ్ల తరలింపు పెద్ద ముప్పు. పెకలించిన రాయి మొదట ఎక్కడ ఉండేదో చూపడానికి వివరాలతో కూడిన పాత ఫోటోయే ఆధారం. తేదీ, చోటు లేని ఫోటో ఎంత అందమైనదైనా ఆ సాక్ష్యం చెప్పలేదు.