మామిడి బండి మీద క్యాంపర్: వెల్డింగ్ లేకుండా!

చాట్రాయి నుంచి మాట్లాడుతున్నా. సీజన్లో మా నాన్న పికప్ మామిడికాయలు మోయాలి. మిగతా నెలల్లోనే అది నా క్యాంపర్. అందుకే వెల్డింగ్ జోలికి పోలేదు. పైగా ఆర్‌సీకి తేడాగా బాడీ మారిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది. ప్లైవుడ్ పెట్టె విడిగా చేసి, లోడు కట్టినట్టే బెల్టులతో బిగించా.

మొదట్లో ఒక తప్పు చేశా. నీళ్ల ట్యాంకు పెట్టె పైన పెట్టా. మారేడుమిల్లి ఘాట్ మలుపులో బండి ఊగిన ఊపుకి గుండె ఆగినంత పనైంది. లీటరు నీళ్లంటే కిలో కదా, 100 లీటర్లంటే బండి నెత్తిన 100 కిలోలు! ఇప్పుడు ట్యాంకు, బ్యాటరీ రెండూ అడుగున, క్యాబిన్ వైపు, వెనక ఇరుసుకి ముందే ఉంటాయి.

బండి కదులుతుంటే పెట్టెలో ఎవరూ కూర్చోకండి. మీరూ చేస్తారా? ముందు ఆర్‌సీలో రాసిన బరువు చూడండి, తర్వాతే డిజైన్ గీయండి.