మామత్ జాతులను దంతాల ద్వారా గుర్తించుట

మామత్‌లు ఏనుగుల కుటుంబానికి చెందిన, అంతరించిపోయిన జంతువులు. వీటి ప్రజాతి నామము మమ్మూథస్. పూర్తి అస్థిపంజరాలు అరుదుగా లభిస్తాయి. ఎముకల కంటే గట్టివైన చర్వణకాలు (నమిలే దంతాలు) మాత్రం చెక్కుచెదరకుండా ఎక్కువగా దొరుకుతాయి. కనుక జాతుల గుర్తింపునకు, అవి దొరికిన భూపొరల వయస్సును అంచనా వేయుటకు శాస్త్రజ్ఞులు ప్రధానంగా వీటిపై ఆధారపడతారు.

దంత నిర్మాణము

మామత్ చర్వణకము నిలువుగా వరుసలో అమరిన అనేక పలకలతో ఏర్పడుతుంది. ఒక్కొక్క పలకలో లోపల డెంటీన్, దాని చుట్టూ గట్టి ఎనామిల్ ఉంటాయి. పలకలను సిమెంటు అనే పదార్థము కలిపి ఉంచుతుంది. దంతము అరిగినప్పుడు ఎనామిల్ అంచులు గట్లవలె పైకి తేలి, గడ్డిని తిరగలివలె నూరడానికి ఉపయోగపడతాయి.

జీవితకాలంలో దవడ ప్రతి సగభాగంలో ఆరు దంతాలు ఒకదాని తరువాత ఒకటి వెనుకనుండి ముందుకు జరుగుతూ వస్తాయి. జాతులను పోల్చడానికి చివరిదైన ఆరవ దంతము మిక్కిలి అనువైనది.

ప్రధాన జాతులు

* దక్షిణ మామత్ (మమ్మూథస్ మెరిడియోనాలిస్): ఐరోపాకు చెందిన ప్రాచీన జాతి. చివరి దంతంలో సుమారు 12 నుండి 14 పలకలు, మందమైన ఎనామిల్ ఉంటాయి.
* స్టెప్పీ మామత్ (మమ్మూథస్ ట్రోగాంథెరీ): సుమారు 18 నుండి 20 పలకలు. దంతము మరింత ఎత్తైనది.
* కొలంబియన్ మామత్ (మమ్మూథస్ కొలంబీ): ఉత్తర అమెరికా జాతి. పలకల సంఖ్య స్టెప్పీ మామత్‌ను పోలి ఉంటుంది.
* ఉన్ని మామత్ (మమ్మూథస్ ప్రిమిజీనియస్): సుమారు 24 లేక అంతకు మించి పలకలు. ఎనామిల్ మందము 2 మిల్లీమీటర్ల లోపే ఉండడము సాధారణము.

శీతల మైదానాలలో గరుకైన గడ్డి ప్రధానాహారము కావడము ఈ మార్పునకు కారణమని భావిస్తారు.

కొలిచే విధానము

ముందుగా దంతము పై దవడదో, క్రింది దవడదో నిర్ణయించాలి. పై దంతపు నూరే తలము పొడవునా ఉబ్బెత్తుగాను, క్రింది దంతపు తలము పల్లముగాను ఉంటుంది. తరువాత పలకల సంఖ్య, ఎనామిల్ మందము, దంతపు ఎత్తు, వెడల్పులు కొలుస్తారు. దంతము విరిగినప్పుడు 10 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని పలకలున్నవో లెక్కిస్తారు.

పొరపాట్లకు అవకాశము

పిల్ల మామత్ దంతాలు చిన్నవి, వాటిలో పలకలు తక్కువ. వాటిని చివరి దంతాలుగా పొరబడితే జాతి తప్పుతుంది. బాగా అరిగిన దంతంలో ముందు పలకలు ఊడిపోయి ఉంటాయి. మరగుజ్జు జాతులలో పలకలు దగ్గరగా ఉండుట వలన 10 సెంటీమీటర్ల లెక్క కూడా తప్పుదారి పట్టించవచ్చును.

మాస్టొడాన్ వేరొక కుటుంబానికి చెందినది. దాని దంతాలపై పలకలకు బదులు శంఖాకారపు బొడిపెలు ఉంటాయి. ఆసియా ఏనుగు దంతంలో కూడా పలకలు ఎక్కువే, కానీ వాటి ఎనామిల్ అంచులు ఎక్కువగా ముడతలు పడి ఉంటాయి. ఆఫ్రికా ఏనుగు దంతంలో పలకలు తక్కువ, అరిగిన తలము మీద అవి వజ్రాకృతిలో కనిపిస్తాయి.

చరిత్ర

1796లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే దంతాలను, దవడలను పోల్చి, మామత్ జీవించి ఉన్న ఏనుగుల కంటే భిన్నమైనదని చూపెను. దీనితో జాతులు పూర్తిగా అంతరించగలవన్న భావన బలపడింది. శివాలిక్ కొండల శిలాజాలను అధ్యయనము చేసిన హ్యూ ఫాల్కనర్ ఏనుగు జాతుల వర్గీకరణకు దంతపు పలకల లెక్కను విస్తృతంగా ఉపయోగించెను. కొలంబియన్ మామత్‌కు 1857లో పేరు పెట్టినది ఆయనే.

డీఎన్‌ఏ పరిశోధన

2021లో సైబీరియాకు చెందిన పది లక్షల సంవత్సరాలకు పైబడిన మామత్ దంతాల నుండి డీఎన్‌ఏ వెలికితీశారు. రూపములో స్టెప్పీ మామత్‌వలె ఉన్న రెండు దంతాలు రెండు వేర్వేరు వంశాలకు చెందినవని తేలింది. ఒకటి ఉన్ని మామత్‌కు పూర్వ వంశము. రెండవది ఉన్ని మామత్ వంశముతో కలిసి కొలంబియన్ మామత్ పుట్టుకకు కారణమైనది. కావున దంతపు రూపము జాతిని సూచించినను, వంశచరిత్రను పూర్తిగా చెప్పజాలదు.