ట్రాక్టరు ట్రక్కు వెనుక తలుపు: గింజ కారుట, బందుల మరమ్మతు

ఎద్దుబండ్లపై బస్తాలు వేసి ధాన్యము తోలుకొనిన దినములలో బండి తడకకు ఎన్ని సందులున్నను రైతునకు దిగులు లేకుండెను. గింజను గోనెసంచియే కాపాడుచుండెను. ఇప్పుడట్లు గాదు. కోతయంత్రము చేనిలోనే వడ్లను నూర్చి విడిగింజగా ట్రక్కులోనికి కుమ్మరించుచున్నది. చేనినుండి కల్లము వరకును, పెక్కు గ్రామములలో ఆరబెట్టిన పిమ్మట కొనుగోలు కేంద్రము వరకును ఆ గింజ బస్తా మొగము చూడకయే పోవుచున్నది. దానికిని రోడ్డునకును నడుమ అడ్డుగా నున్నది ట్రక్కు తొట్టి వెనుక తలుపు మాత్రమే. ఈ తలుపు సరిగా పడకుండుటచే కలుగు నష్టమును గూర్చియు, ఊరి కమ్మరిచేతనో వెల్డింగు పనివానిచేతనో దానిని బాగుచేయించుకొను విధమును గూర్చియు ఈ నెల సభ్యులకు కొంత వివరింపదలచితిమి.

కోతలకాలమున ఏ డొంకవెంట నడచినను ట్రక్కు పోయిన జాడ పసుపుగీతవలె కనబడుచుండును. పిచ్చుకలు తినునులే యని సరిపెట్టుకొనువారు గలరు. చేనివద్ద తూకము లేదు గనుక ఎంత పోయినదో ఎవరికిని తెలియదు. తెలిసికొనుట కష్టము గాదు. తలుపు క్రింద పాత బరకము నొకదానిని జోలెవలె కట్టి, నిండుబండిని ఒక కిలోమీటరు నడిపి, జోలెలో పడిన గింజను తూచవలయును. నూరు గ్రాములు పడినదనుకొందము. చేనికిని కల్లమునకును మూడు కిలోమీటర్ల దూరమై, పంటకు ఇరువది బండ్లు తోలినచో ఆరు కిలోలు పోయినట్లు. ఇంతేనా యని అనవచ్చును. కాని తలుపు మూలను వ్రేలు దూరునంత సందున్న బండ్లును గలవు. వానినుండి పోవునది గ్రాములలో నుండదు.

ఇంతకంటె పెద్ద కీడులు రెండు గలవు. మొదటిది విత్తనపు కల్తీ. తలుపు అడుగునను, బందుల సందులలోను చిక్కుకొనిన పాతగింజ తరువాతి బండిలో కలియును. సాంబ మసూరి వంటి సన్నరకమున వేయి గింజలు సుమారు 15 గ్రాములే తూగును. గుప్పెడు వడ్లలో రెండువేల మొక్కలకు సరిపడు గింజలుండునన్నమాట. విత్తనముకొరకు ఉంచుకొనిన ధాన్యములో వేరురకపు గుప్పెడు కలిసినచో, వచ్చే యేడు మడిలో కేళీలు ఏరించుటకు కూలి పెట్టవలసినదే. రెండవది ప్రాణాపాయము. గడియ సడలిన తలుపు కాలువగట్టు ఎక్కునపుడు ఒక్క కుదుపునకు తెరచుకొనును. వెనుక మోటారుసైకిలుపై వచ్చువానికి తలుపు తగిలినను ముప్పే, రోడ్డుపై పరచుకొనిన వడ్లపై చక్రము జారినను ముప్పే. ఇక రాశిపై కూర్చుండి వచ్చు కుర్రవారి మాట చెప్పనక్కరలేదు. తలుపు బాగున్నను వారిని అచ్చట కూర్చుండనీయరాదు.

గింజ కారుచున్నదన్నచో మన రైతులు మొట్టమొదట చేయు పని సందులో గోనెపట్ట కుక్కుట, అది లేనిచో ఎండుగడ్డి కుక్కుట. ఇది మందు గాదు. కుక్కిన పట్ట తలుపును బయటికి నెట్టును. అందుచే గడియపై బరువు పెరిగి అది మరింత సడలును. పట్ట తడిసి రేకును అంటియుండుటచే అచ్చటనే తుప్పు పుట్టును. రెండు పంటలు గడచునప్పటికి సందు మునుపటికంటె పెద్దదగును. సందు ఎందుకు పడినదో విచారింపక దానిని పూడ్చుట వలన ప్రయోజనము లేదని మా అభిప్రాయము. చాలబండ్లలో కారణము బందుల సీలలు అరుగుట, గడియ వదులగుట, రేకు ఉబ్బుట అను మూటిలో ఒకటిగా నుండును.

ఏది కారణమో తెలిసికొనుటకు తొట్టిని శుభ్రముగా ఊడ్చి, గడపపై పేరుకొనిన మట్టిని గీకివేయవలయును. ఒక్కొక్కప్పుడు ఆ మట్టియే తలుపును పడనీయక ఆపుచుండును. గీకినంతనే రోగము కుదురును. కుదరనిచో, రాత్రివేళ తలుపు వేసి, లోపల టార్చిదీప ముంచి బయటినుండి చూడవలయును. వెలుతురు వచ్చు చోటనెల్ల సుద్దతో గుర్తు పెట్టవలయును. కొలబద్దగా వడ్లగింజయే చాలును. దాని మందము సుమారు 2 మిల్లీమీటర్లు. సన్నరకములలో ఇంకను తక్కువ. గింజ దూరని సన్నని వెలుతురుగీతను వడ్లకైతే విడిచిపెట్టవచ్చును, నువ్వులు తోలువారు విడువరాదు.

పిదప ఇద్దరు మనుష్యులు తలుపు రెండు కొనలను పట్టి పైకి క్రిందికి ఆడింపవలయును. టకటకలాడినచో సీలలు అరిగినవి. ఆడకయే ఒక మూల మాత్రము ఎడముగా నున్నచో తలుపు చట్రము వంకరపోయినదేమో చూడవలయును. ఒక నూలుత్రాటితో తలుపు ఎదురెదురు మూలలను కొలిచినచో రెండు కొలతలును సమానముగా నుండవలయును. అట్లే తలుపు పడు ద్వారమును గూడ కొలువవలయును. తేడా ఎందున్నదో అదియే వంగినది.

నడుమ సందుండి కొనలు పట్టియున్నచో రేకు ఉబ్బినదని తెలియును. దీనికి ఇసుక తోలకము కారణమగుట మేము తరచు చూచుచున్నాము. విడివడ్లు ఘనమీటరునకు సుమారు 600 కిలోలు తూగగా, ఇసుక సుమారు 1,600 కిలోలు తూగును. వడ్లకు సరిపడునట్లు చేసిన తలుపుపై ఇసుక అంత ఎత్తున పోసినచో అడుగున నెట్టు బలము రెట్టింపునకు మించును. వేసవిలో ఇసుకకు ఉబ్బిన తలుపు కోతలకాలమున వడ్లను కార్చును. ఇట్టి రేకును సుత్తితో బాదరాదు. బాదినకొలది అది సాగి మరింత ఉబ్బును. క్రింద దళసరి చెక్క పెట్టి, జాకీతో మెల్లగా నొత్తి, వెలుపలివైపున అడ్డముగా ఒక ఏంగిల్ ఇనుమును వెల్డింగు చేయింపవలయును. ఇసుక తోలక తప్పనివారు తొట్టిలో సగము ఎత్తునకు మించకుండ పోసికొనుట మేలు.

సీలల సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. అరిగిన సీల స్థానమున కొత్తది వేసినంతనే పని తీరదు, ఏలయనగా సీలతోపాటు బందు కన్నమును కోడిగ్రుడ్డు ఆకారమున అరిగియుండును. కన్నమును గుండ్రముగా తొలిపించి ఇనుప బుష్ వేయింపవలయును. మిక్కిలి చెడినచో బందునే మార్పింపవలయును. మార్చునపుడు పనివారు ఒక్కొక్క బందును కంటికొలతతో అతికించుట పరిపాటి. అట్లు చేసినచో మూడు బందులును ఒకే గీతపై నిలువవు. తలుపు బిగిసికొని, బలవంతముగా లాగగా లాగగా సీలలు మరల త్వరలోనే అరుగును. తిన్నని పొడవాటి కడ్డీ నొకదానిని మూడు బందుల కన్నములలోను దూర్చియుంచి, మొదట అక్కడక్కడ చుక్కలుగా అతికించి, తలుపు తెరచి మూసి చూచి, పిదప పూర్తిగా వెల్డింగు చేయుమని చెప్పవలయును. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి చేయించుకొనిన రైతు చాలకాలము నిశ్చింతగా నుండును. సీల కొనను కాటరు పిన్ను ఉండవలయును. దాని బదులు మేకు వంచి పెట్టుట, తీగె చుట్టుట మానవలయును. కుదుపులకు మేకు రాలిపోయిన సంగతి సీలయు రాలినగాని తెలియదు.

వెల్డింగునకు ముందు ట్రాక్టరును ట్రక్కునుండి విప్పి దూరముగా నిలుపవలయును. విప్పుటకు వీలుకానిచో బ్యాటరీ తీగెలనైనను తీయవలయును. చుట్టుప్రక్కల గడ్డి లేకుండ చూచుకొనవలయును. పైకి లేచు తొట్టియైనచో, ఎత్తిన తొట్టి క్రిందికి పోవువారు గట్టి ఇనుప ఊత పెట్టకుండ పోరాదు. హైడ్రాలికు నూనెగొట్టము పగిలినచో తొట్టి కన్నుమూసి తెరచులోగా క్రిందికి పడును.

గడియలు తలుపును పట్టియుంచుటయే గాక ద్వారమునకు అదిమి యుంచవలయును. ఊరక తగిలించు కొక్కెము ఆ పని చేయజాలదు. మర త్రిప్పి బిగించు కొక్కెము శ్రేష్ఠము. అది అరిగినకొలది మరియొక చుట్టు బిగించుకొనవచ్చును. బోల్టులకు రెండేసి నట్టులు వేయింపవలయును. ఒక్క నట్టు దారి కుదుపులకు వదులగును. గడియలుగాక ప్రక్కకొకటి చొప్పున గొలుసు నుంచుకొనినచో, గడియ ఊడినను తలుపు ఒక్కసారిగా పడదు.

ఇవి సరిచేసిన తరువాతనే రబ్బరు పట్టీ. మిల్లులలో వాడి తీసివేసిన బెల్టుపట్టా దీనికి చక్కగా పనికివచ్చును. చాలమంది దీనిని బయటివైపున అంటించి, గింజ నెట్టగా ఊడినదని విసుగుకొనుచుందురు. పట్టీ లోపలివైపున నుండవలయును; అప్పుడు గింజ బరువే దానిని సందుపై అదిమి పట్టును. తలుపు క్రిందికి వాలు బండ్లలో పట్టీ యొక్క ఒక అంచును మాత్రమే తొట్టి అడుగురేకునకు బిగించి, రెండవ అంచును బందుల మీదుగా తలుపుపైకి విడిచిపెట్టవలయును. పారతో లోపలినుండి బయటికి లాగునపుడు పార దానిపైనుండి జారిపోవునే గాని పట్టీ క్రింద దూరదు. బందులలో గింజయు చిక్కదు. పైనుండి వ్రేలాడు తలుపైనచో పట్టీని తలుపు లోపలి ముఖమునకే, గడపపై నాలుగు వ్రేళ్లు పడునట్లు బిగింపవలయును. జిగురు తుప్పుపైనను నూనెపైనను నిలువదు. పట్టీపై సన్నని ఇనుపబద్ద వేసి జానెడు జానెడు దూరమున బోల్టులు బిగించుటయే పద్ధతి.

వాన విషయమున ఒక చిన్నమాట. బరకము కొనను తలుపు లోపలికి దోపువారు పలువురు గలరు. అట్లు చేసినచో బరకముపై పడిన నీరంతయు తిన్నగా రాశి అడుగునకు దిగును. కొన తలుపునకు వెలుపల మూరెడు వ్రేలాడునట్లు కట్టవలయును. వెనుకనున్న ఎర్ర దీపములను మాత్రము కప్పకుండ చూచుకొనవలయును. కొనుగోలు కేంద్రములో తేమ నూటికి 17 పాళ్లు మించినచో ధాన్యమును తీసికొనరు. దారిలో తడిసిన నాలుగు గంపలకై బండెడు ధాన్యమును మరల ఎండబోయవలసి వచ్చుట ఎంత బాధయో అనుభవించిన వారికే తెలియును.

సంఘముల పక్షమున అద్దెకిచ్చు ట్రక్కుల విషయమున మేము ముఖ్యముగా చెప్పునది ఒకటి కలదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదన్న సామెత ఈ తలుపులకు తగినట్లు మరి దేనికిని తగదు. సీల పోగొట్టిన సభ్యుడు చెప్పడు, తరువాతివాడు తీగె చుట్టును, మూడవవాని వడ్లు రోడ్డు పాలగును. బండి తిరిగివచ్చినపుడు గుమాస్తా తలుపు ఆడించి చూచి, సీలలు, గొలుసులు లెక్కపెట్టి, పుస్తకమున వ్రాసికొనిన పిదపనే మరియొకరికి ఇయ్యవలయును. రెండు సీలలును, గుప్పెడు కాటరు పిన్నులును ఒక చిన్న సంచిలో వేసి ట్రక్కు ముందుభాగమున వ్రేలాడగట్టినచో వానికి పట్టు వెల స్వల్పమే. విత్తనపు ధాన్యము తోలు సభ్యునకు బండి ఇచ్చునపుడు బందులను బ్రష్షుతో తుడిపించి ఇచ్చుట సంఘము పని యని మేము భావింతుము, ఆ సభ్యుని పని గాదు.

పంటలు లేని నెలలలో ట్రక్కును చెట్టుక్రింద నిలుపువారు తలుపును బిగించి విడువరాదు. రబ్బరు పట్టీ వేసిన తొట్టిలో వాననీరు నిలిచి అడుగురేకు తినివేయును. తలుపును బెత్తెడు తెరచి, ట్రక్కు ముందుకొనను కొంచెము ఎత్తుగా నుండునట్లు దిమ్మపై నిలిపి, సీలలకు గ్రీజు పూసి, వెల్డింగు చేసినచోట రెడ్ ఆక్సైడు రంగు వేసియుంచవలయును.