తాళి కంటే ముందు ఒక మాట



ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళకు మన విజయవాడలో అన్ని మతాలవాళ్ళూ వెళ్తారు. కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వస్తారు. కాని ఆ గుడికి చెందిన కతోలికులు తమ పిల్లలకు పెళ్ళి గురించి ఏం నేర్పుతారో మనలో చాలామందికి తెలియదు. ఆడపిల్ల ఉన్న ప్రతి తల్లికీ పనికివచ్చే సంగతి అందులో ఒకటుంది. ఈవేళ అది చెప్పుకుందాం.

కతోలికులు పెళ్ళిని జ్ఞానవివాహం అంటారు. వాళ్ళ ఏడు దివ్యసంస్కారాల్లో అదొకటి. ఆ పెళ్ళి చేసేది ఫాదరుగారే అనుకుంటాం కదా? కాదుట. వధూవరులే ఒకరికొకరు ఆ సంస్కారం ఇచ్చుకుంటారు. ఫాదరుగారు శ్రీసభ తరఫున సాక్షిగా నిలబడి, ఇద్దరి సమ్మతీ అడిగి తీసుకుంటారు. మన తెలుగు కతోలికులు సిలువ గుర్తున్న మంగళసూత్రం కడతారు, ఉంగరాలూ మార్చుకుంటారు. అయినా పెళ్ళిని పెళ్ళి చేసేది ఆ రెండూ కాదు. ఎవరి బలవంతమూ లేకుండా వచ్చారా అని గుడిలో అడిగినప్పుడు ఇద్దరూ ఇచ్చే మాటే ముఖ్యం.

1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం ఆ సమ్మతి తండ్రిగానీ మేనమామగానీ బదులుగా ఇచ్చేది కాదు. బలవంతానికి, తప్పించుకోలేని భయానికి లోబడి ఒప్పుకుంటే ఆ పెళ్ళి చెల్లదు.

పెళ్ళికి ముందు ఆదివారాల్లో గుడిలో చదివే చాటింపులు కూడా ఊరికే పెట్టినవి కావు. మూడు చాటింపులు వెయ్యాలని 1563లో ట్రెంట్ మహాసభ శాసించింది. రహస్యంగా ఒకామెను చేసుకుని, ఆమెను వదిలేసి, అందరి ఎదుటా ఇంకొకామెను చేసుకునే మగవాళ్ళను అరికట్టటం అందులో ఒక ఉద్దేశం.

బాగానే ఉంది. కాని చిక్కెక్కడ వస్తుందో చూడండి. ప్రధానం అయిపోయి, హాలు మాట్లాడి, శుభలేఖలు పంచాక ఆ అమ్మాయిని విచారణ గురువు “నీకిష్టమేనా?” అని అడిగితే ఏం చెబుతుంది? నాన్న చేసిన అప్పు కళ్ళముందు కదులుతుంది. “ఇష్టమేనండీ” అంటుంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా మన డెల్టాలో ఏ మతంవాళ్ళ ఇంట్లోనైనా బేరం ముందు, పిల్ల మాట తరువాత అన్నట్టే జరగటం మనం చూస్తూనే ఉన్నాం.

అందుకే 1981లో పోప్ రెండవ జాన్ పాల్ కుటుంబం గురించి రాసిన ఉపదేశంలో పెళ్ళికి తయారీ మూడు మెట్లుగా ఉండాలన్నారు. మొదటిది చిన్నతనంలో, ఇంట్లోనే. నాన్న అమ్మతో మాట్లాడే తీరే పిల్లలకు తొలి పాఠం. రెండోది ఎదిగే వయసులో, సత్యోపదేశం తరగతుల్లో. మూడోది పెళ్ళికి ముందు నెలల్లో, వారాల్లో. మొదటి రెండు మెట్లూ లేకుండా మూడోదొక్కటే ఎక్కిస్తే కాలు నిలవదు.

కతోలిక బళ్ళలో ఇతర మతాల పిల్లలు కూడా ఎంతోమంది చదువుతారు. వాళ్ళకు మతబోధ ఉండదు, మోరల్ సైన్స్ ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపుగానీ సాయంగానీ పొందే బళ్ళలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. అయితే “నీ మాట నీదే, అవతలివారి మాటకూ విలువ ఇవ్వు” అని నేర్పటానికి మతం అడ్డమా? ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ నేర్పాలి.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. ఇక పెళ్ళి చెల్లదని శ్రీసభ న్యాయసభ తీర్పిచ్చినంతమాత్రాన మళ్ళీ పెళ్ళి చేసుకోవటానికి లేదు. ప్రభుత్వ కోర్టు తీర్పు కావలసిందే. 2017లో సుప్రీంకోర్టు ఈ మాటే ఖాయం చేసింది.

సోదరీ, మీది ఏ మతమైనా, తాంబూలాలు పుచ్చుకోకముందే అమ్మాయిని ఏకాంతంగా కూర్చోబెట్టుకుని అడగండి. “వద్దు” అన్నా కోప్పడనని ముందే చెప్పి అడగండి. “వద్దు” అనటానికి వీలున్న పిల్ల “సరే” అంటేనే కదా, ఆ మాటకు విలువ!