గుగ్గిలం వేరు, గుగ్గులు వేరు

సికింద్రాబాదులో పచారీ కొట్టుకు వెళ్ళి గుగ్గిలం అడిగితే ఒక్కోచోట ఒక్కో రకం జిగురు పొట్లం కట్టి ఇస్తారు. తప్పు వారిది కాదు. తెలుగులో ఈ పేరు ఒక్క చెట్టుకే పరిమితం కాలేదు. సాల వృక్షం నుండి కారే రాల గుగ్గిలమే. శేషాచలం కొండల్లో పెరిగే ఒక సాంబ్రాణి జాతి చెట్టు జిగురూ గుగ్గిలమే. ధూపానికైతే ఏదైనా ఒకటే. కడుపులోకి తీసుకునేటప్పుడు మాత్రం తేడా తెలియాలి.

మోకాళ్ళ నొప్పులకు, ఒంట్లో కొవ్వుకు ఆయుర్వేదంలో చెప్పే గుగ్గులు వేరే మొక్క. మనవారు దాని జిగురును మహిసాక్షి, మైసాక్షి అంటారు. ఇది రాజస్థాన్, కచ్ ఎడారి ప్రాంతాల పొద. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసుకు సమర్పించిన బోళము ఇచ్చే చెట్టు కూడా ఈ జాతిదే, దీనికి దగ్గరి చుట్టం.

మొక్కను గుర్తుపట్టడం అంత కష్టం కాదు. మనిషి ఎత్తు, లేదా కాస్త ఎక్కువ. కొమ్మలు వంకరటింకరగా పెరిగి చివర ముల్లుగా ముగుస్తాయి. బూడిదరంగు బెరడు పలుచని కాగితంలా పొరలుగా ఊడుతుంది, దాని కింద పచ్చగా ఉంటుంది. ఆకులు చిన్నవి, మూడేసి కలిసి ఉంటాయి, పక్క రెండూ మరీ చిన్నవి. వానాకాలం దాటితే ఆకు రాలిపోయి ఎండిన కంపలా కనబడుతుంది. చచ్చిపోయిందని పీకేయకండి! మన కొండల్లోని కొండమామిడి కూడా ఈ జాతిదే, బెరడు అలాగే ఊడుతుంది, కాని దానికి ముళ్ళుండవు. జిగురు సంగతికి వస్తే, అసలు గుగ్గులును వేడినీటిలో కలిపితే పాలలా తెల్లబడుతుంది. సాల వృక్షపు రాల నీటిలో కలవదు.

ఈ జిగురు కొవ్వును తగ్గిస్తుందని 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జి.వి. సత్యవతి కుందేళ్ళపై పరిశోధించి చూపారు. ఆ తరువాత లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీని నుండి మందు తయారుచేసింది. అయితే 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 103 మందిపై 8 వారాలు పరీక్షించగా, చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా 4, 5 శాతం పెరిగింది. కొందరికి ఒంటిపై దద్దుర్లు వచ్చాయి. కనుక డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోవడం మంచిది కాదని మా అభిప్రాయం.

ఇంకొక సంగతి. గుండెకు, రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ మాత్రలు రక్తంలోకి చేరడాన్ని గుగ్గులు తగ్గిస్తుంది. థైరాయిడ్ మందులు వాడేవారు డాక్టరుతో చెప్పకుండా తీసుకోరాదు. గర్భిణులు అసలే వాడరాదు. వార్డులో చేరినప్పుడు "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా" అని మేము అడిగితే, ఆకుమందులు, చూర్ణాలు లెక్కలోకి రావనుకుని చాలామంది చెప్పరు. అవీ మందులే. డబ్బా ఉంటే ఓ.పి.కి వచ్చేటప్పుడు వెంట తెచ్చి చూపించండి.

ఎడారిలో ఈ మొక్క వేగంగా తగ్గిపోతోంది. జిగురు కోసం లోతుగా గాట్లు పెడితే పొద ఎండి చచ్చిపోతుంది. గింజలు మొలిచేది తక్కువ, గాటు పెట్టే వయసు రావడానికి 8, 10 ఏళ్ళు పడుతుంది. 2015లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యధికంగా ఉన్న మొక్కల జాబితాలో చేర్చింది.

పెరటిలో గాని, డాబా మీద కుండీలో గాని పెంచాలనుకునేవారు అడవి నుండి తెచ్చిన మొక్క కొనకండి. నర్సరీలో పెంచినదే అడగండి. చూపుడువేలు లావున్న ముదురు కొమ్మను జానెడు పొడవున కోసి, నీడలో రెండు మూడు రోజులు ఆరనిచ్చి, జూన్, జూలై నెలల్లో నాటాలి. ఇసుక కలిసిన ఎర్రమట్టి, రోజంతా ఎండ, కుండీ అడుగున పెద్ద చిల్లి ఉండాలి. మన నల్లరేగడి దీనికి పనికిరాదు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. చిగురు వేసేదాకా వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగా నీళ్ళు చాలు. భారీ వానలప్పుడు కుండీని చూరు కిందికి జరపండి, ఆకు రాల్చాక నీళ్ళు బాగా తగ్గించండి.